దాచుకున్న పాయింట్లకూ దండుగేనా?

హోసూరు నుంచి దేవనహళ్లి విమానాశ్రయానికి మామూలు రోజుల్లో రెండు గంటల ప్రయాణం. 2020 వేసవిలో అదే దారి పరదేశానికి వెళ్లే దారిలా మారింది. జూజువాడి దగ్గర ఒక ప్రభుత్వం, అత్తిబెలె దగ్గర మరో ప్రభుత్వం. చేతిలో ఈ-పాస్ ఉంటే ముందుకు, లేకుంటే ఇంటికి. సరిహద్దు జిల్లాల తెలుగువారిలో చాలామంది పరిస్థితి ఇదే. రాయగడ వారికి దగ్గరి పెద్ద విమానాశ్రయం విశాఖ. యానాం వారికి రాజమండ్రి పక్కనున్న మధురపూడి. సిరొంచ వారు హైదరాబాద్ చేరాలి. విమానం ఎక్కాలంటే ముందు రాష్ట్రం దాటాలి. మహమ్మారి వేళ రాష్ట్రాలు తలుపులు మూసుకుంటే ఈ ప్రయాణికుడు ఇంటి దగ్గరే ఆగిపోతాడు. విమానం మాత్రం వేళకు ఎగిరిపోతుంది. సంస్థ పద్దులో అతను ‘రాని ప్రయాణికుడు’. తప్పు అతని ఖాతాలో పడుతుంది.

డబ్బు పెట్టి కొన్న టిక్కెట్టు సంగతి కొంతలో కొంత నయం. దాని మీద కోర్టులు మాట్లాడాయి, ప్రభుత్వం మాట్లాడింది. పాయింట్లు ఇచ్చి తీసుకున్న టిక్కెట్టు సంగతే ఎవరికీ పట్టలేదు. సరిహద్దు ఊళ్లలో ఈ టిక్కెట్లు ఇప్పుడు వింతేమీ కాదు. కొడుకో కూతురో అమెరికాలో ఉద్యోగం చేస్తుంటారు. క్రెడిట్ కార్డు మీద ఏళ్ల తరబడి పోగైన పాయింట్లతో అమ్మానాన్నలకు రానూపోనూ టిక్కెట్లు తీస్తారు. కాన్పుకు, గృహప్రవేశానికి, మనవడి అన్నప్రాసనకు అలా వెళ్లివచ్చిన పెద్దలు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఊళ్లో దాన్ని ‘ఫ్రీ టిక్కెట్టు’ అంటారు. చిక్కంతా ఆ మాటతోనే మొదలవుతుంది.

అది ఫ్రీ కాదు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఇలాంటి పథకం మొదలుపెట్టిన రోజుల్లో, ఎక్కువసార్లు విమానం ఎక్కినవారికి అది కానుక. తర్వాత అది పెద్ద వ్యాపారమైంది. విమాన సంస్థ పాయింట్లను బ్యాంకులకు అమ్ముతుంది. బ్యాంకు ఆ సొమ్మును కార్డు రుసుముల నుంచి, దుకాణదారు కట్టే కమీషన్ నుంచి రాబట్టుకుంటుంది. కమీషన్ భారం సరుకు ధరలో కలుస్తుంది. అంటే ప్రతి పాయింటుకూ ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట డబ్బు కట్టే ఉన్నారు. మన దేశంలో ఎయిర్ ఇండియాకు ఇలాంటి పథకం ఎప్పటి నుంచో ఉంది. ఇండిగో కూడా 2024లో బ్లూచిప్ పేరుతో సొంత పథకం తెచ్చింది. రేపు ఈ టిక్కెట్లు పెరిగేవే కానీ తగ్గేవి కావు.

పాయింట్లకు విలువ ఉందో లేదో తేల్చడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. మహమ్మారి కాలంలో విమాన సంస్థలు చేసిన పనే సాక్ష్యం. పాయింట్లకు నగదు విలువ లేదనీ, అవి సంస్థ ఆస్తేననీ నిబంధనల పత్రంలో చిన్న అక్షరాలతో రాసుకున్న సంస్థలే, విమానాలు నేలకు దిగిపోయి అప్పు కావలసి వచ్చినప్పుడు ఆ పాయింట్ల పథకాలనే తాకట్టు పెట్టాయి. యునైటెడ్ సంస్థ 2020లో తన పథకాన్ని చూపించి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. అదే ఏడాది డెల్టా 900 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1000 కోట్ల డాలర్లు ఇదే దారిలో సేకరించాయి. అప్పిచ్చేవాడి ముందు బంగారం, ప్రయాణికుడి ముందు కాగితం! ఇదెక్కడి న్యాయం?

ఇక రద్దు రుసుము కథ. పాయింట్ల టిక్కెట్టు వద్దనుకుంటే ఆ పాయింట్లను తిరిగి ఖాతాలో వేయడానికి 2020కి ముందు అమెరికా పెద్ద సంస్థలు ఒక్కో టిక్కెట్టుకు 150 డాలర్ల దాకా వసూలు చేసేవి. అప్పటి లెక్కలో దాదాపు 11 వేల రూపాయలు. భార్యాభర్తలిద్దరికీ రెండు టిక్కెట్లంటే చిన్నకారు రైతు ఇంట్లో నెల ఖర్చు. పాయింట్లు వాళ్లవే, వెనక్కి వెళ్లేది వాళ్ల ఖాతాకే, జరిగేది కంప్యూటర్లో ఒక అంకె మారడమే. దానికి దండుగ!

మామూలు రోజుల్లో ఈ రుసుమును వ్యాపారం అనుకుని సరిపెట్టుకోవచ్చు. రోగం ప్రబలినప్పుడు సరిపెట్టుకోలేం. ఎందుకంటే ఆ వేళ ఇది ఒక్క ప్రయాణికుడి జేబుకు సంబంధించిన విషయం కాదు. జ్వరంతో ఉన్న మనిషి ఇంట్లో ఆగిపోవడం ఊరందరికీ మేలు. ఆగిపోతే 11 వేలు పోతాయి, మాత్ర వేసుకుని ఎక్కేస్తే పోవు అన్నప్పుడు, ఎంతమంది ఆగుతారు? బుద్ధిగా ఇంట్లో ఉన్నవాడికి జరిమానా, దగ్గుతూ విమానం ఎక్కినవాడికి భోజనం! ఇలాంటి లెక్క రోగానికే మేలు చేస్తుంది.

ఇది ఊహించుకున్న భయం కాదు. 2003లో సార్స్ విమానాల వెంటే దేశాలు దాటింది. ఆ ఏడాది ఏప్రిల్ 2న ప్రపంచ ఆరోగ్య సంస్థ, తప్పనిసరి కాకుంటే హాంకాంగ్‌కు, చైనాలోని గువాంగ్‌డాంగ్‌కు ప్రయాణాలు వాయిదా వేసుకోమని చెప్పింది. 2009 మేలో స్వైన్ ఫ్లూ తొలి కేసు మన దేశంలో బయటపడింది హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన ఒక యువకుడిలో. ఆ రెండు సందర్భాల్లోనూ, కోవిడ్ వేళా విమాన సంస్థలు రుసుములు మాఫీ చేసిన మాట నిజమే. అయితే ఆ మాఫీలకు తేదీలు, ఊర్లు, షరతులు సంస్థలే నిర్ణయించాయి. ఫలానా తేదీ లోపు తీసిన టిక్కెట్టు, ఫలానా నగరానికి, ఫలానా రోజుల మధ్య అంటూ గీతలు గీశాయి. గీతకు ఒక్క రోజు ఇవతల ఉన్నవాడికి ఏమీ లేదు. దయ వేరు, హక్కు వేరు. దయ చూపినవాడు రేపు చూపకపోవచ్చు. అప్పుడు నిలదీసే వీలు ఉండదు.

మన దేశంలో 2020 మార్చి 25 నుంచి మే 24 దాకా దేశీయ విమానాలు ఆగిపోయాయి. టిక్కెట్ల సొమ్ము కోసం జరిగిన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం అక్టోబరు 1న తీర్పు చెప్పింది. లాక్‌డౌన్‌లో తీసుకున్న టిక్కెట్లకు పూర్తి సొమ్ము వాపసు ఇవ్వాలి. అంతకు ముందు తీసినవాటికి, సంస్థ వెంటనే ఇవ్వలేని స్థితిలో ఉంటే 2021 మార్చి 31 దాకా చెల్లే జమ ఇవ్వాలి. ఆలస్యానికి నెలకు అర శాతం, 2020 జూన్ తర్వాత ముప్పావు శాతం కలపాలి. వాడుకోకుండా మిగిలితే గడువు తర్వాత డబ్బు చేతికివ్వాలి. మంచి తీర్పు. కానీ అది మాట్లాడింది టిక్కెట్టు సొమ్ము గురించి. మే 24 తర్వాతి ప్రయాణాలను పాత నిబంధనలకే వదిలింది. విమానాలు తిరుగుతున్నా సరిహద్దు దాటలేకపోయినవాడు, జ్వరం వచ్చి ఆగిపోయినవాడు సరిగ్గా ఆ సందులో పడిపోయారు. అందులోనూ పాయింట్లతో టిక్కెట్టు తీసినవాడి గోడు వినే దిక్కే లేకపోయింది.

పాత నిబంధనలు ఏం చెబుతున్నాయి? పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2016లో సవరించిన నియమాల ప్రకారం రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీల మొత్తాన్ని దాటకూడదు. చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయ రుసుములు ఏ రకం టిక్కెట్టుకైనా, ప్రయాణికుడు అసలు రాకపోయినా, తిరిగి ఇచ్చేయాలి. ఇక్కడే ఒక ప్రశ్న. పాయింట్ల టిక్కెట్టులో మూల ఛార్జీ రూపాయల్లో సున్నా. మరి రద్దు రుసుముకు హద్దు ఎంత? పాయింట్లను రూపాయల్లోకి మార్చి లెక్కిస్తే వాటికి విలువ ఉన్నట్లు ఒప్పుకున్నట్లే కదా! విలువ లేదంటే రుసుమూ ఉండకూడదు. విలువ ఉందంటే డబ్బు టిక్కెట్టుకున్న రక్షణ దీనికీ ఉండాలి. రెండు నాలుకలతో మాట్లాడటం కుదరదు.

ఇది అసాధ్యమైన కోరిక ఏమీ కాదు. ఐరోపా సంఘం 2004లోనే, విమానం రద్దయితే ప్రయాణికుడికి ఉండే హక్కులు పాయింట్లతో తీసిన టిక్కెట్లకూ వర్తిస్తాయని చట్టంలో రాసుకుంది. అమెరికా రవాణా శాఖ 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన నిబంధనలో, ఏ రూపంలో చెల్లిస్తే ఆ రూపంలోనే వాపసు ఇవ్వాలని చెబుతూ పాయింట్లను పేరుపెట్టి ప్రస్తావించింది. తీవ్రమైన అంటువ్యాధి వల్ల ప్రయాణం వద్దని వైద్యుడు చెబితే కనీసం 5 ఏళ్లు చెల్లే జమ ఇవ్వాలని కూడా అందులో రాసింది. అంతకు ముందే, 2020 ఆగస్టు చివర్లో యునైటెడ్ మార్పు రుసుమును ఎత్తేస్తే మరునాడే డెల్టా, అమెరికన్ ఎత్తేశాయి. పాయింట్లు తిరిగి జమ చేసే రుసుము కూడా చాలా టిక్కెట్లకు పోయింది. అది లేకుంటే బతకలేమని ఏళ్లపాటు చెప్పినవారు అది లేకుండానే నడుస్తున్నారు.

విమాన సంస్థల వాదననూ వినాల్సిందే. చివరి గడియలో ఖాళీ అయిన సీటు అమ్ముడుపోదు, రద్దుకు ఏ ఖర్చూ లేకపోతే జనం నాలుగైదు తేదీలకు సీట్లు పట్టి పెట్టుకుంటారు అంటాయి. మామూలు రోజులకు ఈ మాటలో పస ఉంది. అందుకే మామూలు రోజుల్లో రుసుమే వద్దని ఎవరూ అనడం లేదు. ప్రభుత్వం రోగం ప్రబలిందని ప్రకటించినప్పుడు, దారి మూసినప్పుడు, వైద్యుడు వద్దన్నప్పుడు మాత్రం ఆ వాదన నిలవదు. అప్పుడు సీటు ఖాళీ కావడానికి కారణం ప్రయాణికుడి చపలత్వం కాదు. కరవు పన్ను మాఫీ చేసినట్లే ఈ మాఫీ కూడా.

కేంద్రం చేయవలసింది కొండంత పనేమీ కాదు. పౌర విమానయాన నిబంధనల్లో నాలుగు వాక్యాలు చేర్చాలి. పాయింట్లను చెల్లింపుగా గుర్తించాలి. అంటువ్యాధి వేళ ప్రభుత్వ ఆంక్షల వల్లనో, వైద్యుడి సలహా మీదనో ఆగిపోయినవారికి పాయింట్లన్నీ రుసుము లేకుండా నిర్ణీత గడువులో తిరిగి జమ చేయాలి. ఈలోగా గడువు తీరిన పాయింట్లను బతికించాలి. ప్రయాణికుడి సొంత రాష్ట్రం ఆంక్షలనే కాదు, విమానాశ్రయం ఉన్న రాష్ట్రం ఆంక్షలనూ లెక్కలోకి తీసుకోవాలి. ఈ చివరి వాక్యం ఢిల్లీలో కూర్చున్నవారికి తోచకపోవచ్చు. హోసూరులో, రాయగడలో, యానాంలో ఉన్నవారికి అదే ముఖ్యం. ఆ మాటను ఇక్కడి ఎంపీలు పార్లమెంటులో వినిపించాలి.

ఆ రోజు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రోగం ముదురుతున్నప్పుడు తొందరపడి టిక్కెట్టు తామే రద్దు చేసుకున్నవారు నష్టపోతారు. విమానాన్ని సంస్థే రద్దు చేస్తే వాపసు హక్కు గట్టిపడుతుంది. కాబట్టి ఆఖరి గడువు ఎప్పుడో చూసుకుని అడుగు వేయాలి. ఈ-పాస్ నిరాకరించిన సందేశం, వైద్యుడి చీటీ, పన్నులు కట్టిన రసీదు దాచుకోవాలి. పాయింట్లు పోయినా పన్నుల సొమ్ము అడిగి తీసుకోవాలి. 2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తానున్న చోటే కేసు వేయొచ్చు. సంస్థ కార్యాలయం ముంబయిలో ఉన్నా, గురుగ్రామ్‌లో ఉన్నా కృష్ణగిరి వారు కృష్ణగిరిలో, బళ్లారి వారు బళ్లారిలో జిల్లా కమిషన్ గడప తొక్కొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనే గోడు చెప్పుకోవచ్చు. ఏ రాష్ట్రంలో ఉన్నా సరే.

సార్స్ వచ్చి పోయింది, స్వైన్ ఫ్లూ వచ్చి పోయింది, కోవిడ్ వచ్చి లక్షల ఇళ్లలో దీపాలార్పింది. మరొకటి రాదని చెప్పగలిగే వైద్యుడు లేడు. వచ్చిన రోజున నిబంధనలు రాసుకుంటూ కూర్చుంటే ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లే. విమానాలు నిండుగా తిరుగుతున్న ఈ రోజుల్లోనే ఆ నాలుగు వాక్యాలు రాయించుకోవాలి.