పాసు తీయించే ముందు ఒక మాట
(పశ్చిమ బెంగాల్‌లోని మలంచా తెలుగు కుటుంబాలకు విన్నపం)



వేసవి సెలవులకు రైల్వే పాసు తీయించుకుని ఊరెళ్లడం మన ఇళ్లలో తాతల నాటి అలవాటు. కొన్ని ఇళ్లలో మాత్రం అదే పాసు మీద పదహారేళ్ల పిల్లను శ్రీకాకుళమో విజయనగరమో తీసుకెళ్లి, మేనమామకో బావకో ముడిపెట్టి వస్తున్నారు. బడి తెరిచేసరికి పిల్ల మెడలో పుస్తెలు. చిన్నపిల్లల పెళ్లిళ్లను ఎండగట్టిన గురజాడ వారి కన్యాశుల్కం నాటకం 1892లో మొదట ఆడింది ఆ విజయనగరంలోనే.

మన పక్కింటి బెంగాలీలకు మేనమామతో పెళ్లంటే విడ్డూరం. తొందరలో మాత్రం వాళ్లూ తీసిపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు పశ్చిమ బెంగాల్లో 41.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. వాళ్లలో చాలామంది పిల్లలు తామే లేచిపోయి గుళ్లో సిందూరం పెట్టించుకుంటారు. మన దగ్గర పెద్దలే పీటల మీద కూర్చోబెడతారు. పిల్ల ఎవరితోనో మాట్లాడుతోందని సంబంధం చూస్తారు, సంబంధం చూస్తున్నారని పిల్ల ఇల్లు దాటుతుంది. ఎటు తిరిగినా చదువు ఆగేది ఆడపిల్లదే.

ఇంకో చోద్యం. కలకత్తాలో ఉద్యోగం చేసే ఇరవై మూడేళ్ల అమ్మాయి తనకు నచ్చినవాడితో పెళ్లి కాకుండా ఒకే ఇంట్లో ఉంటే వీధంతా గగ్గోలు. పదహారేళ్ల పిల్ల పెళ్లికి అదే వీధి విస్తళ్ల ముందు కూర్చుంటుంది! మేజర్లు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని సినీనటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మీకు నచ్చకపోవచ్చు, ఈ విన్నపం రాసిన మాలోనూ నచ్చనివాళ్లున్నారు. కానీ 2006 బాల్యవివాహ నిషేధ చట్టం కింద బాల్యవివాహం చేయించినవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. మంత్రాలు చదివిన పంతులుగారికీ తప్పదు.

కాబట్టి పెద్దమనిషి ఫంక్షన్‌ను పెళ్లిచూపులు చేయకండి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ కన్యాశ్రీ పథకం దరఖాస్తు నింపించండి: పద్దెనిమిది నిండాక, పెళ్లి కాకుండా చదువుతున్న పిల్లకు 25,000 రూపాయలు వస్తాయి. అది ఆమె ఖాతాలోనే ఉండనివ్వండి, కట్నం లెక్కలో కలపకండి. వయసొచ్చిన పిల్లలు తమ జోడు తామే చూసుకుంటే తలుపు మూయకండి. వాళ్లు పెళ్లికి సిద్ధపడితే రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం మీరే పెట్టండి.

ఈ వేసవిలో ఎక్కడైనా చిన్నపిల్ల పెళ్లి మాట వినబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.