108 అంటే దించేసి పోయే బండేనా?

108 సిబ్బంది అంటే మనలో చాలామందికి పేషెంటుని ఆస్పత్రిలో దించేసి పోయేవాళ్ళు, అంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ఆ సర్వీసు మొదలైనప్పటి నుంచీ మెచ్చుకుంటూనే ఉన్నాం. వైద్యంలో భాగస్వాములుగా మాత్రం చూడం.

గుండెపోటు సంగతే తీసుకోండి. చిత్తూరు నుంచి తిరుపతి స్విమ్స్‌కి దాదాపు 70 కిలోమీటర్లు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని ఈసీజీలో తేలాక, రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ కుదరదనిపిస్తే, వీలున్నవాళ్ళకి ముందు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలన్నది డాక్టర్ల లెక్క. అంటే ఇంజెక్షన్ కోసం దగ్గర్లోనే ఆగాలా, నేరుగా తిరుపతి పోవాలా అన్నది బండి కదిలేలోపే తేలాలి. అక్కడ తీసిన ఈసీజీ ముందుగానే డాక్టరుకి చేరితే, పేషెంటు వచ్చేసరికి క్యాథ్‌ల్యాబ్ సిద్ధంగా ఉంటుంది.

మనం ప్రొడక్షన్‌లో ఒక బగ్ పట్టుకుంటే, అది ఎలా ఫిక్స్ అయిందో తెలిసేదాకా ఊరుకోం కదా! మరి వాళ్ళకి? తెచ్చిన మనిషి బతికాడా, ఎక్కడ పది నిమిషాలు పోయాయి అన్నది ఆస్పత్రులు వాళ్ళకి చెప్పాలి. నెలకోసారి డాక్టర్ల పక్కన కూర్చోబెట్టి కేసులు చర్చించాలి. ఏడాదికో శాలువా కప్పితే ఫోటో బాగానే వస్తుంది, తర్వాత వచ్చే పేషెంటుకి ఒరిగేదేమీ లేదు.

మీరేమంటారు?