పాత ఆటకు రంగేసి మనకే అమ్మారు!



నెట్ సెంటర్లో గంటకింతని కట్టి జీటీఏ వైస్ సిటీ ఆట ఆడినోళ్లం మనం. మిషన్లు పక్కనబెట్టి బైకు మీద ఊరంతా తిరిగినోళ్లం. చీట్ కోడ్లు నోట్సు చివరి పేజీలో రాసుకున్నోళ్లం. ఆ ప్రేమనే ఆ ఆట తెచ్చిన కంపెనీ వాళ్లు బేరానికి పెట్టారు!

2021 నవంబర్ 11. రాక్‌స్టార్ కంపెనీ జీటీఏ ట్రైలజీ డెఫినిటివ్ ఎడిషన్ దించింది. 2001 నాటి జీటీఏ త్రీ, 2002 నాటి వైస్ సిటీ, 2004 నాటి శాన్ ఆండ్రియాస్‌లకు కొత్త మెరుగులద్దిన కట్ట అది. మూడూ కలిపి 60 డాలర్లు! ఆ డబ్బుతో ఎన్ని ఇళ్లకు నెల సరుకులొస్తాయి?

కొన్నోళ్లకు ఏం దక్కింది? వాన! చినుకు పడితే చాలు, తెరనిండా తెల్లగీతలు. రోడ్డు కనబడదు, ఎదురొచ్చే బండి కనబడదు. డ్యూటీ దిగొచ్చి ఓ గంట ఆడుకుందామని కూర్చున్నోడికి ఇదా? మనుషుల మొహాలేమో మైనం బొమ్మల్లా తయారయ్యాయి. బోర్డుల మీద అక్షరదోషాలు. డోనట్ కొట్టు మీద ఆరుమూలల ఇనుప నట్టు బొమ్మ ఉండేది. కొట్టు పేరులోనే నట్టుంది, జోకే అది! దాన్ని గుండ్రంగా నున్నగా చేసిపెట్టారు. అమ్మేముందు ఒక్కడైనా దానివైపు చూశాడా? ఇక పీసీ వాళ్ల గోడు వేరు. డబ్బు కట్టి కూడా మొదటి రోజుల్లో ఆట తెరుచుకోక పడిగాపులు!

అసలు దెబ్బ ఇంకోటుంది. కొత్తది రాకముందే, అక్టోబర్‌లోనే, పాత మూడింటినీ ఆన్‌లైన్ దుకాణాల్లోంచి పీకేశారు. బాగున్నది దాచేసి పాడైంది చేతిలో పెడితే దాన్నేమంటారు?

ఊరుకున్నామా? ప్రపంచమంతా దుమ్మెత్తిపోసింది. నవంబర్ 19న రాక్‌స్టార్ క్షమాపణ చెప్పింది. పీసీకి పాత ఆటలు తిరిగిస్తామంది. దయతో ఇచ్చిందా? అరిచాం కాబట్టి ఇచ్చింది! పాత ఆటలోని వెలుతురును పీసీ, కన్సోళ్లలో తెచ్చిన అప్‌డేట్ మాత్రం 2024 నవంబర్‌కి గానీ రాలేదు. మూడేళ్లు!

ఒక్క మాట. కోడు రాసిన కుర్రాళ్లను తిట్టకండి. అలాంటి సరుకును అమ్మకానికి పెట్టమన్నది పైనున్నోళ్లు. నిలదీయాల్సింది వాళ్లనే.

రేపు ఇంకో పాత ఆటల కట్ట వస్తుంది. ట్రైలర్ చూసి ముందే డబ్బు కట్టకండి! ఆడినోళ్లు పెట్టిన వీడియోలు చూశాకే జేబులో చెయ్యి పెట్టండి. పాడు సరుకు అంటగడితే రీఫండ్ అడగండి, గట్టిగా అడగండి. అటక మీద పాత డిస్కులుంటే పారేయకండి. ఈ కాగితం పక్కోడికివ్వండి!