ఇల్లు మాకు, పట్టా మీ బీరువాలోనా?

మా వాడకు ఒక స్వచ్ఛంద సంస్థ వచ్చి పదకొండేళ్ళయింది. ఇళ్ళు కట్టుకోవడానికి సాయం చేసింది, సాయంత్రం బడి పెట్టింది, వాడ నడుమ కమ్యూనిటీ హాలు లేపింది. అబద్ధమాడం. ఆ సాయంత్రం బడిలో జీతం లేకుండా లెక్కలు చెప్పినవాళ్ళం మేమే. అక్కడ దిద్దుకున్న పిల్లల్లో ఇద్దరు ఇవ్వాళ నర్సులు. మా ఇళ్ళల్లో మొదటి డిగ్రీ మాది, రెండోది వాళ్ళది. కాబట్టి మేము సంస్థ వద్దని అనడం లేదు. ఆ సంస్థ ఎవరిదని అడుగుతున్నాం.

అడిగితే ఏమైంది? 'తిన్న రేవు తలవాలె గదా సారూ' అన్నాడు సంస్థ కార్యదర్శి.

ఎవరి రేవు? ఇంటి జాగా ప్రభుత్వమిచ్చింది. పునాది మా అన్నదమ్ములు తవ్వుకున్నారు. నీళ్ళు మా అక్కలు మోశారు. సంస్థ తెచ్చిన సిమెంటుకు, ఇనుముకు దండం పెడతాం, రసీదు కూడా ఇస్తాం. కానీ గోడ మీద ఏముంది? దాత పేరు చెక్కిన పాలరాయి. ఆ ఇంటామె పేరు ఎక్కడుంది? సంస్థ రిజిస్టర్లో, 'లబ్ధిదారు' అన్న గడిలో. ఇంకో ముచ్చట చెప్తే నవ్వుతారు. భద్రంగా ఉంటుందని పట్టా కాగితాలన్నీ తీసుకపోయి ఆఫీసు బీరువాలో పెట్టుకున్నారు. మా సందుగాపెట్టెలు భద్రం కాదట! ఇప్పుడు వాడ పక్కన మిగిలిన మూడెకరాలు సంస్థ పేర రాయించుకుని శిక్షణ కేంద్రం కడతామంటున్నారు. కమిటీలో ఎంతమంది? తొమ్మిది. మా వాడవాళ్ళు? ఒక్కరూ లేరు. సొసైటీల చట్టం ప్రకారం కమిటీని ఎన్నుకునేది సభ్యులు. లబ్ధిదారు సభ్యుడు కాడు. కిటుకంతా అక్కడే ఉంది.

'పేదోళ్ళ వాడల్లో ఇట్లనే నడుస్తది, ప్రపంచమంతా ఇంతే' అంటారా? కాదు. అమెరికాలో బోస్టన్ నగరం ఉంది. అందులో రాక్స్‌బరీ అనే వాడ. నల్లవాళ్ళు, కేప్‌వర్డ్ దీవుల నుంచి వచ్చినవాళ్ళు, స్పానిష్ మాట్లాడేవాళ్ళు, కొంతమంది పేద తెల్లవాళ్ళు ఉండేచోటు. అప్పట్లో నల్లవాళ్ళుండే పేటల చుట్టూ పటాల మీద ఎర్రగీతలు గీసి, ఇక్కడ ఇంటి అప్పులియ్యొద్దని రాసుకున్న దేశమది. 1934లో పెట్టిన ప్రభుత్వ గృహరుణ సంస్థ దశాబ్దాలపాటు అదే చేసింది. మన ఊరి పొలిమేర గీత, వాళ్ళ ఎర్రగీత ఒకే చేతి రాత లాగుంటాయి. అప్పు పుట్టని పేటలో ఇళ్ళు పాడుబడ్డాయి, తగలబడ్డాయి. ఊళ్ళో చెత్తంతా లారీల కొద్దీ తెచ్చి ఆ ఖాళీ జాగాల్లో పోసిపోయారు.

1984 ప్రాంతంలో ఒక ఫౌండేషనూ, కొన్ని సంస్థలూ కూడి ఆ డడ్లీ స్ట్రీట్ పేటను బాగుచేస్తామని ముందుకొచ్చాయి. కమిటీ కూడా తయారుచేసుకున్నాయి. దాంట్లో పేటవాళ్ళకు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని కుర్చీలు. 1985లో ఈ సంగతి చెప్పడానికి సభ పెడితే జనం లేచారు. ఆ వేదిక మీద కూర్చున్నోళ్ళలో ఈ పేటలో ఉండేదెవరని అడిగారు. జవాబు లేదు. మన కార్యదర్శి లాగా తలవంచమనలేదు వాళ్ళు, కమిటీనే మార్చారు. మెజారిటీ కుర్చీలు పేటవాళ్ళకు, నాలుగు తెగలకూ సమానంగా. ఎన్నిక పెట్టి మరీ. ఆ సంస్థ మొదట పట్టుకున్న పని ఏందో తెలుసా? ఇళ్ళు కాదు, చెత్త. 1986లో మా మీద చెత్త పోయొద్దని వీధికెక్కారు. గెలిచినాకనే ఇళ్ళ గురించి కూర్చున్నారు.

1988లో నగరం వాళ్ళకు భూసేకరణ అధికారమిచ్చింది. ఈ మాట రెండుసార్లు చదవండి. భూసేకరణ అంటే మనకు పోలేపల్లి సెజ్ గుర్తొస్తుంది, మాదిగ, మాల, బీసీల అసైన్డ్ భూములు గుంజుకోవడం గుర్తొస్తుంది. అక్కడ అదే అధికారాన్ని పేదల పేట సంస్థ చేతికిచ్చారు, ఖాళీగా పడేసిన భూముల్ని తీసుకోవడానికి. ఆ భూమిని ఉమ్మడి ట్రస్టు కింద పెట్టారు. ఇల్లు ఇంటివాళ్ళది, కింది నేల అందరిదీ, 99 ఏళ్ళ కౌలు. అమ్మొచ్చు, కానీ ఇష్టమొచ్చిన ధరకు కాదు, తర్వాత వచ్చే పేదకు అందే ధరకు. అట్లా రెండొందలకు పైగా ఇళ్ళు లేచాయి. 2008లో బ్యాంకులు కూలి ఊరూరా ఇళ్ళు జప్తవుతుంటే ఇటువంటి ట్రస్టుల ఇళ్ళు చాలామటుకు నిలబడ్డాయి.

ఈ ట్రస్టు ఆలోచన ఎక్కణ్ణుంచి పోయిందనుకుంటున్నారు? మన దగ్గర్నుంచే. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే ముందు మనవాళ్ళు నిలబడి 80 ఎకరాలు కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానన్నాడు. భూదానం అక్కడ పుట్టింది, దాంట్లోంచి గ్రామదానం. అమెరికాలో జార్జియా నల్లవాళ్ళ నాయకుడు స్లేటర్ కింగ్, ఆయనతో కలిసిన రాబర్ట్ స్వాన్ వంటివాళ్ళు ఆ గ్రామదానాన్ని కూడా చూసి, 1969లో 'న్యూ కమ్యూనిటీస్' పేరుతో దాదాపు 5,700 ఎకరాల్లో మొదటి ఉమ్మడి భూమి ట్రస్టు పెట్టారు. 1985లో కరువుతో, సర్కారు అప్పులో చూపిన వివక్షతో ఆ భూమి పోయింది. 2009లో ఆ వివక్ష కేసులో వాళ్ళకు కోటీ ఇరవై లక్షల డాలర్ల పరిహారం తేలింది. ఇరవై నాలుగేళ్ళు కొట్లాడారు మరి.

పుస్తకాల్లో పోచంపల్లి అంటే అడుగుజాడ వినోబాది, దానం రెడ్డిది. అడిగినవాళ్ళు? 'కొందరు హరిజనులు'. అడగడం మనది, పేరు వాళ్ళది. భూదానం కింద వచ్చిన దాంట్లో రాళ్ళెన్ని, రప్పలెన్ని, కోర్టుల్లో పడినవెన్ని అన్నది వేరే సంచిక రాయాలి.

మా తమ్ముడొకడు, పట్నంలో బ్యాంకు ఉద్యోగి, ఎదురు ప్రశ్న వేశాడు. 'ఊరోళ్ళు జాగా కోటికి అమ్ముకోవచ్చు, మనం మాత్రం ఉమ్మడి అని ధర తగ్గించుకోవాలా?' ప్రశ్న చిన్నది కాదు. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మొద్దంది. అమ్మకుండా ఆపింది మంచికే, కానీ సర్కారు గుంజుకోవడాన్ని ఆపలేదు. అందుకే ఉమ్మడి అన్న మాట వినగానే మనవాళ్ళకు భయం. మేము చెప్పేది ఇంతే. ఉమ్మడి అంటే కార్యదర్శిది కాదు, వాడది. ధర ఎంతని వాడ సభలో వాడే తేల్చుకోవాలి, అమ్ముకుంటామన్నా సరే. ఆ తీర్మానం మీద మొదటి వేలిముద్ర వేసే హక్కు పాలరాయి మీద పేరు లేని ఆ ఇంటామెది.

పోయిన నెల మేము సంస్థకు కాగితం రాసిచ్చాం. పట్టాలు ఎవరివి వాళ్ళకు తిరిగివ్వాలి. ప్రతి ఇంటినుంచి ఒకరిని, ఆడవాళ్ళను ముందు, సభ్యులుగా చేర్చుకోవాలి. కమిటీలో సగానికి పైగా వాడవాళ్ళుండాలి. మూడెకరాల సంగతి వాడ సభలోనే తేలాలి. రసీదు మీద సంతకం పెట్టించుకున్నాం, లెక్కల సార్లం కదా.

ఇప్పటిదాకా జవాబు లేదు. మూడెకరాల్లో మాత్రం నిన్న రెండు ట్రాక్టర్ల ఇటుక దిగింది. మా అక్కలు ఆ ఇటుకల మీదనే కూర్చుని ఉన్నారు.