చివరి గుడ్డు

పెరటి కోడి 21వ నాటికి 11 పిల్లలను జేసి, వానిని రెక్కల చాటునుండి వెలుపలికి పిలుచుకొని, గడ్డి పరచిన తట్టను విడిచి నడచిపోయిన పిమ్మట, అందులో ఒంటరిగా మిగిలిన 12వ గుడ్డును జూచి "అది మురిగింది, పెంటమీద పారెయ్యి" అనుట మన పల్లెలలో నిత్యము వినబడు మాటయే. గడచిన వైశాఖమున మా పెరటిలో ఆ మాట అన్నవాడను నేను. మా పెద్దమ్మ మాత్రము ఆ గుడ్డును చేతిలోనికి తీసికొని, చెవి చెంత నుంచుకొని, "ఒరే నాయనా, లోపల పిల్ల అరుస్తోందిరా. నిన్న మాపటికే ముక్కు పెట్టింది" అనెను. గుడ్డు లావుకొన వైపున నువ్వుగింజంత బీట. ఆ బీట నడుమ, ఎండి గోధుమవన్నెకు తిరిగిన పొర క్రింద, సన్నని ముక్కుకొన ఒకటి తెరచుకొనుచు మూసికొనుచు నుండెను.

ఇట్టి పిల్లకు మనము చేయి అందింపరాదనియు, తనంత తాను వెలువడజాలని ప్రాణి బ్రతికియు బాగుపడదనియు, ప్రకృతి చేయు ఎంపికకు మనుష్యుడు అడ్డు తగులరాదనియు వాదించువారు కలరు. పుట్టుకతోడనే అవయవలోపము గల పిల్ల, ఎంత సాయము చేసినను నిలువదను మాట నిజమే. కాని పెంకులో చిక్కుకొన్న ప్రతి పిల్లయు దుర్బలమైనదని తీర్మానించుట అన్యాయము. గుడ్లను పది పదునైదు దినములు వేడి వంటయింటిలో నిలువ యుంచి పొదుగునకు వేసినది ఎవరు? పొదుగుచున్న పెట్టను ఘడియకొకసారి లేపి, పిల్లలకు వేడుక చూపినది ఎవరు? గుడ్లమీద బొగ్గుతో గుర్తు పెట్టనందున, తరువాత వేఱొక పెట్ట వచ్చి ఆ తట్టలోనే గ్రుడ్డు పెట్టి పోగా, రెండు మూడు దినములు వెనుకబడిన ఆ గుడ్డు తల్లి లేచిపోవు వేళకు సగము దారిలో నుండుట ఎవరి అజాగ్రత్త? వైశాఖపు వడగాలికి తట్టను ఎదురుగా నుంచిన చేతులు మనవి. ఆ గాలికి లోని పొర ఎండి, ముడుచుకొని, బిడ్డను గుడ్డపేలికవలె చుట్టివేసినచో, ఆ పేలికను విప్పుట ప్రకృతికి అడ్డుపడుట కాదు, మనము పడిన బాకీని తీర్చుటయే.

అయితే ఈ బాకీ తీర్చుటలో తొందరపాటు ప్రాణాంతకము. పిల్ల మొదట గుడ్డులోపలి గాలిగదిలోనికి ముక్కు చొనిపి ఊపిరి పీల్చనారంభించును. ఆ పిమ్మట ముక్కుమీది తెల్లని మొటికతో పెంకును చిట్లగొట్టి, పండ్రెండు గంటలో, ఒక్కొక్కప్పుడు దినమంతయునో కదలక మెదలక యుండును. చూచువారికి అది అలసటవలె, ఓటమివలె తోచును. కాని ఆ నిశ్చలతయందే మహాకార్యము జరుగుచుండును. అంతవఱకు పెంకు లోపలి పొరకు వ్యాపించి శ్వాసను అందించిన నెత్తురు నాళములు క్రమముగా ఎండిపోవును. మిగిలిన పచ్చసొన బొడ్డు గుండా కడుపులోనికి చేరును. రెండు మూడు దినములు మేత లేకున్నను క్రొత్తపిల్ల బ్రతుకగలుగుట ఆ సొన బలిమివలననే. ఈ పని ముగియకమున్నే జాలిపడి పెంకు ఒలిచినవాడు, నెత్తురు కారుచు సొన బయటపడిన పిల్లను అరచేతిలో చూచుకొని విలపింపవలసినవాడగును. కనుక వేచియుండుట ఆ సాయములో మొదటి భాగము. మన కరుణకు అన్నింటికంటె కఠినమైన భాగమును అదియే.

మా గుడ్డు ముక్కు పెట్టి అప్పటికి పూర్తిగా ఒక దినము గడచినది. బీట నువ్వుగింజంతకు మించలేదు. పెద్దమ్మ గోరువెచ్చని నీట దూదిని తడిపి, పిండి, ముక్కు దగ్గరకు చుక్కనీరైనను పోనీయక, చుట్టునున్న పొరను మాత్రము తడిపెను. తడిసిన పొర అద్దమువలె తేటపడగా దీపము చెంత పరికించి, ఎఱ్ఱని గీత ఒక్కటియు లేదని రూఢి చేసికొని, గోటికొనతో పెంకును మినపగింజంత తునకలుగా తీయసాగెను. నాలుగు తునకలు తీయుట, వెచ్చని గుడ్డలో చుట్టి పెట్టుట. మరల కొంతసేపటికి నాలుగు తునకలు. మధ్యాహ్నమున మొదలిడిన పని ప్రొద్దు వాలువఱకు సాగెను. లావుకొన చుట్టును తెరవగానే ఆమె చేతులు వెనుకకు తీసికొని, "ఇక తన్నుకుని రావాలి, మనం తియ్యకూడదు" అనెను. పిల్ల కాళ్లు చాచి, సన్నకొన వైపు పెంకును తన్నుకొని, తడిసి ముద్దయైన నూలుపోగువలె గుడ్డమీదికి జారెను.

ఇంతవఱకు చేయువారు మనలో పెక్కుమంది కలరు. ఇక్కడితో సాయము ముగిసినదని తలచుటయే నా ఫిర్యాదు. దక్కిన పిల్లను అట్టపెట్టెలో వేసి, పైన దీపము వ్రేలాడగట్టి, ఇంటిల్లిపాదియు ముద్దాడుచు పెంచుట నేడు వేడుకయైనది. కోడిపిల్ల కన్ను తెరచిన తొలి ఘడియలలో తన యెదుట కదలు దానిని వెంబడించునని డగ్లస్ స్పాల్డింగ్ అను ఆంగ్లేయుడు 1873లోనే వ్రాసియున్నాడు. మన కాళ్ల వెంట తిరుగుచున్నదని మనము మురిసిపోవుదుము. కాని గద్ద నీడ పడినప్పుడు చేయు హెచ్చరికను, నూకను నేల రాల్చి చూపు పిలుపును, వానజల్లు వేళ రెక్కల వెచ్చదనమును మన మెక్కడినుండి తెచ్చి యీయగలము? రాజేంద్రనగరము కోళ్ల పరిశోధనాలయము రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి జాతులు మన పెరళ్లకు మేలు చేసినవి. కాని అవి పొదుగునకు కూర్చుండుట అరుదు గనుక, పల్లెలో తల్లితనము నేటికిని నాటుపెట్టదే. పిల్లలను పంచిపెట్టు పశుసంవర్ధక శాఖవారు, దాణాను గూర్చి, టీకాలను గూర్చి చెప్పునప్పుడే, పొదిగించుటను గూర్చియు, వెనుకబడిన పిల్లను తల్లికి చేర్చుటను గూర్చియు మా పెద్దమ్మవంటి వృద్ధులచేత చెప్పింపవలెనని కోరుచున్నాను.

ఆ చేర్చుటకు పగలు పనికిరాదు. వెలుగులో తెచ్చి యెదుట వదలిన క్రొత్తపిల్లను పెట్ట పరాయిదని పొడుచుట కద్దు. పెద్దమ్మ రాత్రి భోజనములైన పిదప, దీపమార్పి, గంప నొకవైపు ఎత్తి, అప్పటికి ఆరి పత్తికాయ విచ్చినట్లున్న పిల్లను అరచేతిలో మూసికొని, వెనుకవైపునుండి తోక క్రిందుగా లోనికి జొనిపి, చేతిని మెల్లగా ఖాళీగా వెలికి తీసెను. తల్లి ఒక్కమాఱు గొంతులో గుఱ్ఱుమని రెక్క సడలించి, మరల దించెను. మేము గంపమీద చెవి యానించి చాలసేపు కూర్చుంటిమి. లోపల మొదట కీచుమను సన్నని అరుపు, దానికి కొక్కొక్కని మెల్లని మారుపలుకు, పిదప రెండును సద్దుమణగినవి.

తెల్లవాఱి గంప ఎత్తి నూకలు చల్లితిమి. పిల్లలు ఒక్కటొక్కటిగా వెలువడసాగినవి. పెద్దమ్మ వ్రేళ్లు మడచుచు లెక్కించెను. పదునొకటి యైన తరువాత తల్లి రొమ్ము క్రిందినుండి, తోకకు ఎండిన పొర తునక యొకటి ఇంకను అంటుకొనియున్న చిన్నది బయటికి వచ్చి, రెండడుగులు తూలి, తల్లి ముక్కు రాల్చిన నూకగింజ దగ్గఱకు పోయి నిలిచెను.