పాఠశాలలో పద్దు పుస్తకము

ఉద్యోగము పురుషలక్షణమని మన పెద్దలు చెప్పిరి. ఆ మాటలో ఉద్యోగమనగా పూనిక, ప్రయత్నము. దానిని మనము జీతపు కొలువుగా కుదించితిమి. పురుషుడనగా మగవాడొక్కడే యని చెప్పుకొని ఆడుబిడ్డను ఆ సామెతకు వెలుపల నిలిపితిమి. ఒక్క మాటకు జరిగిన ఈ రెండు అన్యాయములే నేటికిని మన ఉన్నత పాఠశాలలను నడుపుచున్నవి. పదవ తరగతి చదువు బాలుడు ఎవరియొద్దనో కొలువు దొరకుటకు సిద్ధపడుచున్నాడే గాని, ఒక పనిని తలపెట్టి, పెట్టుబడి కూర్చి, లెక్క వ్రాసి, లాభనష్టములకు తానే జవాబు చెప్పుటకు సిద్ధపడుట లేదు. ఈ లోపము బోధచేత తీరునది కాదు. నిజమైన పనిని బాలురచేతికిచ్చి చేయించుటచేతనే తీరును.

పెద్దపల్లిని చూడుడు. 1929లో కాజీపేట-బల్లార్షా రైలుమార్గము పూర్తియై మద్రాసును ఢిల్లీతో నేరుగా కలిపినది మొదలు ఈ పట్టణము ఆ దారిమీదనే యున్నది. 2016 అక్టోబరు 11న ఇది ప్రత్యేక జిల్లాకు ముఖ్యస్థానమయ్యెను. 2017లో నిజామాబాదు వరకు మరియొక రైలుమార్గము పూర్తియైనది. మార్కెట్టు యార్డునకు పత్తి వచ్చును. పల్లెలనుండి వడ్లు వచ్చును. సుల్తానాబాదులో బియ్యపు మిల్లులున్నవి. క్రయవిక్రయములు బడి వాకిటిముందుగనే సాగిపోవుచున్నవి. బడిలోపల మాత్రము వాని ఊసు లేదు. బాలుడు చక్రవడ్డీ లెక్కను కాగితముపై తప్పులేక చేయును. తండ్రి చేతికి వచ్చిన తూకపు చీటీని చూచి, తరుగు క్రింద ఎంత పోయినదో చెప్పుమన్న తెల్లబోవును.

ఆ లెక్క చిన్నదియు కాదు. ఒక రైతు నలువది కిలోల బస్తాలు నూరు తూచినాడనుకొందము. బస్తాకు రెండు కిలోల చొప్పున తరుగు తీసినచో రెండు క్వింటాళ్లు పోయినవి. 2025-26 సంవత్సరమునకు ఏ గ్రేడు వడ్లకు కేంద్రప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అనగా ఆ రైతునకు 4,778 రూపాయలు నష్టము. తేమ 17 శాతమునకు మించరాదను నియమమేమి, దానిని కొలుచు యంత్రమెట్లు పనిచేయును, తాలు ఎంతవరకు ఒప్పుదురు, తరుగు తీయుట కాధారమేమి అని నిలిచి అడుగగల బిడ్డ ఇంటనున్నచో ఆ సొమ్ము ఊరకే పోవునా? పది సంవత్సరములు చదివించిన బిడ్డ ఈ ప్రశ్న వేయలేకున్నచో ఆ చదువు ఎవరికి పనికివచ్చినట్లు?

కొలువుల మాటయు ఆలోచింపవలసినదే. ఈ ప్రాంతమువారికి బొగ్గుగని కొలువు తరతరముల ఆశ. 1990ల ప్రారంభమున సింగరేణిలో లక్షకు మించిన కార్మికులుండిరి. నేడు అందులో సగము మందియు లేరు. యంత్రములు వచ్చినవి, మనుష్యులు తగ్గిరి. ఇక లక్షలాది పట్టభద్రులు కొద్దిపాటి ప్రభుత్వ ఖాళీలకొరకు శిక్షణాలయముల గదులలో యౌవనమును కరగించుచుండుట ఎల్లరును ఎరిగినదే. ఈ దారి యొక్కటియే దారి యని బిడ్డలకు చెప్పుట వారిని మోసగించుటయే యగును.

"మా బడిలో ప్రాజెక్టులు చేయించుచునే యున్నాము గదా" యని ఉపాధ్యాయులు కొందరనవచ్చును. ఆ ప్రాజెక్టు లెట్టివో తల్లిదండ్రులకు తెలియును. అంగడిలో అట్టముక్క, రంగుకాగితము, బొమ్మల పత్రము కొనుట. అన్నయో అక్కయో రాత్రి కూర్చుండి అతికించుట. మరునాడు అయిదు మార్కులు వేయించుకొనుట. "బ్యాంకు పనితీరు" అను శీర్షికక్రింద బ్యాంకు బొమ్మ యుండును. బాలుడు బ్యాంకు గుమ్మమెక్కి యుండడు. ఈత పుస్తకమునకు రంగులు వేయుట ఈత నేర్చుట యగునా?

1918లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం కిల్పాట్రిక్ ప్రాజెక్టు పద్ధతిని గూర్చి వ్రాసినప్పుడు ఆయన ముఖ్యముగా పట్టుకొన్న సంగతి యొకటి: బాలుడు మనసార తనదిగా తలంచిన ఉద్దేశముతో, తోడివారి నడుమ చేయు పనియే ప్రాజెక్టు. మన దేశమున 1937 అక్టోబరులో వార్ధా సభయందు గాంధీజీ చేతిపని మూలముగ విద్య గరపవలెనని ప్రతిపాదించిరి. జాకీర్ హుస్సేన్ సంఘము దానికి ప్రణాళిక కూర్చెను. 1977లో ఈశ్వర్‌భాయి పటేలు సంఘము సమాజోపయోగకరమైన ఉత్పాదక కార్యమను పేర మరల అదే సంగతి చెప్పెను. మన రాష్ట్రమున 2014-15 నుండి పదవ తరగతి మూల్యాంకనమున ప్రాజెక్టు పనికి కొన్ని మార్కులు కేటాయించిరి. ఉద్దేశములన్నియు మంచివే. కాని ప్రతిసారియు పని పోయి మార్కు మిగిలినది. కారణమేమన, ఆ పనులలో పోవునదేదియు లేదు. చెడిన నష్టపోవువాడు లేని పని ఎవరికిని పాఠము చెప్పదు.

కావున పని నిజమైనది కావలెను. తొమ్మిదవ తరగతిలో ఇరువదిమంది బాలబాలికలు ఒక సంఘముగా ఏర్పడవలెను. తలకొక చిన్న మొత్తము వాటాగా పెట్టవలెను; పెట్టలేనివారి వాటా గ్రామస్థులు అప్పుగా ఇయ్యవలెను. నోటు పుస్తకములు, కలములు మొత్తముధరకు కొని బడిలో అమ్మవచ్చును. విత్తనపు కూరగాయలు పెంచి నారు అమ్మవచ్చును. కోతలకాలమున కొనుగోలు కేంద్రమునకు పోయి తూకమును, తేమను, తరుగును వ్రాసుకొని వచ్చి, గ్రామమునందలి రైతుల చీటీలు సరిచూచి యిచ్చుట కూడ ఒక పనియే. ఏది చేపట్టినను నాలుగు నియమములు తప్పరాదు. సొమ్ము ఉపాధ్యాయుని చేతికి పోరాదు. ప్రతిదినము చిట్టా, ప్రతివారము ఖాతా వ్రాయవలెను. చిట్టా వ్రాయువారు, సరకు కొనువారు, అమ్మువారు నెలకొకసారి మారవలెను. బాలికలకు ఎల్లప్పుడు లోపలి పని, బాలురకు బయటి పని అను విభజన పనికిరాదు. సంవత్సరాంతమున తల్లిదండ్రులముందు లెక్క చదివి వినిపింపవలెను. నష్టము వచ్చినచో నష్టమనియే చదువవలెను.

ఇది మనవారికి చేతగాదనువారు ముల్కనూరును తలంపవలెను. పెద్దపల్లి వలెనే అప్పటి కరీంనగరు జిల్లాలోనిదై, నేడు హనుమకొండ జిల్లాలో నున్న ఆ గ్రామమున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు సహకార సంఘము స్థాపించిరి. రైతులే సభ్యులై అప్పులిచ్చుకొనిరి, మిల్లు నడిపిరి, వరి విత్తనములు సిద్ధపరచి అమ్మిరి. తరువాత అక్కడి స్త్రీలు తమ సొంత పాల సహకార డెయిరీని నిలుపుకొనిరి. వీరెవ్వరును వర్తక కులములలో పుట్టి వర్తకము నేర్చినవారు కారు. లెక్క అందరియెదుట వ్రాసిరి; అదియే వారి విద్య.

ఆక్షేపణలు లేకపోలేదు. వర్తకము కొన్ని కులములదే యనువారు కొందరు. చదువు కొన్ని కులములదే యనుమాటను మన సంస్కర్తలు ఎట్లు త్రోసివేసిరో దీనినిగూడ అట్లే త్రోసివేయవలెను. వ్యాపారమనగా మోసమనువారు మరికొందరు. మోసము చేయువాని లెక్క చీకటిలో నుండును. బాల్యమునందే లెక్కను వెలుగులో వ్రాయుట నేర్పినగదా ఆ మాట అబద్ధమగును! పరీక్షాఫలితములు తగ్గునని భయపడువారితో వారమునకు రెండు గంటలే అడుగుచున్నామని చెప్పుదము. శాతములు, సగటులు, ఉత్తరము వ్రాయుట ఆ రెండు గంటలలో వచ్చినంతగా మరెందును రావు.

ఒక ఆక్షేపణ మాత్రము బరువైనది. పిల్లల సంపాదనపై బడి నడుచుట ఒకవిధమగు దాస్యమగునని వార్ధా సభలోనే ఆచార్య కె. టి. షా హెచ్చరించిరి. ఆ హెచ్చరిక న్యాయమైనది. బడి ఖర్చులకై బాలురను సంపాదింపుమనుట తగదు. వచ్చిన లాభము వారిది. అమ్మకమునకు ఇంతయని లక్ష్యము విధింపరాదు. చదువు గంటలను పని మ్రింగరాదు. ఇది కూలి కారాదు, విద్యయే కావలెను.

మరియొక ప్రమాదము క్రొత్తది. 2021లో ఢిల్లీ ప్రభుత్వము పదునొకండు, పండ్రెండు తరగతుల విద్యార్థులకు తలకు రెండువేల రూపాయల మూలధనమిచ్చి వ్యాపారప్రయత్నములు చేయించెను. సొమ్మును పిల్లలచేతిలో పెట్టి నమ్మిన ఆ ధైర్యము మెచ్చదగినది. కాని ఇట్టి యత్నములు త్వరలోనే వేదికలెక్కి, బహుమానములై, ధనికులయెదుట చేయు ఉపన్యాసములుగా మారుట సులభము. మంచి ఉపన్యాసము చేసినవాడు మంచి వర్తకుడు కాడు. మనకు కావలసినది పదిమంది మెచ్చిన ఒక విజేత కాదు. తన తండ్రి చీటీని చదువగల ప్రతి బిడ్డ.

చదువరులారా, ప్రభుత్వపు ఉత్తరువు వచ్చువరకు కాచుకొని యుండనేల? ఈ సారి బడిలో తల్లిదండ్రుల సమావేశమునకు పోయినప్పుడు మీ బిడ్డకు వచ్చిన మార్కులు అడిగిన తరువాత, ప్రధానోపాధ్యాయుని మరియొక మాట అడుగుడు: "ఈ బడిలో పిల్లలు వ్రాసిన పద్దు పుస్తక మొకటి చూపుదురా?" లేదన్నచో ఒక పుస్తకమును, నలుగురి వాటాసొమ్మును మీరే తీసికొనిపోయి బల్లమీద పెట్టుడు. మొదటి పుట మీ కుమార్తె వ్రాయుగాక.