బ్యాటరీ సైకిలుకు తాళంచెవి పెట్టే అమ్మాలి

పొలానికి పోయి రావడానికి మనలో కొందరు బ్యాటరీ సైకిళ్లు కొంటున్నారు. పెట్రోలు ఖర్చు లేదు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. మంచిదే.

కానీ నేను కొన్న సైకిలుకు ఉన్నది ఒక్క బటనే. గట్టు మీద ఆపి మడికి నీళ్లు కడుతుంటే, మా మనవడు బటన్ నొక్కి యాక్సిలరేటర్ తిప్పాడు. సైకిలు దూకి కాలవలో పడింది. పిల్లవాడికి మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది.

మర్నాడే మెకానిక్‌తో తాళంచెవి స్విచ్ పెట్టించాను. ఒక జాగ్రత్త. మోటారుకు కరెంటు మోసే లావు వైరుకు చిన్న స్విచ్ తగిలిస్తే వేడెక్కి కాలిపోతుంది. కంట్రోలర్‌ను ఆన్ చేసే సన్న వైరు మధ్యలో పెట్టాలి. ముందు బ్యాటరీ తీసేయాలి. సైకిలును ఎత్తుకుపోయేవాణ్ణి తాళంచెవి ఆపదు, గొలుసు కూడా వేసుకోవాలి.

అయినా ఈ తిప్పలు రైతుకెందుకు? ట్రాక్టరుకు తాళంచెవి ఉంది, మోపెడ్‌కు ఉంది. వేలకు వేలు పోసి కొన్న సైకిలుకు ఎందుకుండదు? తాళంచెవి లేని బ్యాటరీ సైకిలు అమ్మకూడదని మన సంఘం గట్టిగా అడగాలి.